చిన్న స్టేక్స్ ఆన్‌లైన్ పోకర్: అగ్రెసివ్‌గా ఆడటం అంటే బ్లఫ్ చేయడమేనా?

పోయిన ఎపిసోడ్‌లో హోల్డెమ్ రూల్స్ చెప్పుకున్నాం. చేతిలో రెండు ముక్కలు, మధ్యలో ముందు మూడు, దాన్ని ఫ్లాప్ అంటాం. తర్వాత ఒకటి, అది టర్న్. చివరిది రివర్. ఆ ఏడింటిలో మంచి ఐదు. ఇంతవరకూ ఓకే.

ఆ ఎపిసోడ్ తర్వాత ఎక్కువమంది అడిగింది ఒకటే. "అన్నా, పోకర్‌లో గెలవాలంటే అగ్రెసివ్‌గా ఆడాలంటారు కదా. నేను చిన్న టేబుల్‌లో అలాగే ఆడుతున్నా, ఎవడూ ఫోల్డ్ చేయట్లేదు. ఎందుకు?" ఈరోజు ఎపిసోడ్ మొత్తం ఈ ప్రశ్న గురించే.

సమాధానం ముందే చెప్పేస్తాను, తర్వాత లెక్కలతో చూపిస్తాను. అగ్రెసివ్ అంటే బెదిరించడం కాదు. మంచి ముక్కలు ఉన్నప్పుడు డబ్బు లోపలికి రప్పించడం. పెద్ద టేబుల్ మీద దూకుడుతో జనాన్ని ఫోల్డ్ చేయిస్తారు. చిన్న టేబుల్ మీద అదే దూకుడుతో జనం చేత కాల్ చేయిస్తాం. ఈ తేడా పట్టుకుంటే చాలు.

ముందు ఒక ముఖ్యమైన మాట

ఇది స్కిప్ చేయకండి. నేను న్యూజెర్సీలో ఉంటాను. ఇక్కడ ఆన్‌లైన్ పోకర్ 2013 నుంచి చట్టబద్ధం, 21 ఏళ్లు నిండి ఉండాలి, రాష్ట్రం సరిహద్దు లోపలే ఉండి ఆడాలి. నేను చెప్పే సెంట్లు, డాలర్ల లెక్కలన్నీ ఇక్కడివే.

ఇండియాలో పరిస్థితి వేరు. తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడటం మీద నిషేధం ఉంది. ఆ పైన 2025 ఆగస్టులో పార్లమెంటు దేశం మొత్తానికీ చట్టం చేసింది. అది నైపుణ్యం ఆటా, అదృష్టం ఆటా అని చూడదు. డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడే ఆట అయితే చాలు, నిషేధమే. "రమ్మీ స్కిల్ గేమ్ అని కోర్టు చెప్పింది కదా" అనే పాత వాదన ఆ చట్టం ముందు నిలవదు.

కాబట్టి హైదరాబాద్, విజయవాడ, వైజాగ్‌లో ఉండి ఇది చూస్తున్నవాళ్లు ఉత్తి చిప్స్‌తో, డబ్బు పెట్టకుండా, ఆటని ఆటలాగా నేర్చుకోండి. టెలిగ్రామ్‌లో ఎవడో ఏజెంట్ "యూపీఐ కొట్టు, చిప్స్ ఎక్కిస్తా" అంటే అటు వెళ్లకండి. ఆ డబ్బు రేపు తిరిగి రాకపోతే ఏ పోలీస్ స్టేషన్‌కి వెళ్లి ఏమని కంప్లైంట్ ఇస్తారు? వీపీఎన్ పెట్టుకుని బయటి సైట్లలో ఆడటం కూడా అంతే. గెలిచాక అకౌంట్ ఆపేస్తే అడిగే దిక్కుండదు. సరే, ఇప్పుడు ఆటలోకి వెళ్దాం.

చిన్న స్టేక్స్ అంటే ఎంత చిన్నవి?

మన దగ్గర తీన్ పత్తీ ఆడినవాళ్లకి బ్లైండ్ అంటే ముక్కలు చూడకుండా ఆడటం. పోకర్‌లో బ్లైండ్ అర్థం వేరు. ముక్కలు పంచకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టాల్సిన చిప్స్. చిన్న బ్లైండ్, పెద్ద బ్లైండ్. ఆన్‌లైన్‌లో అన్నిటికంటే చిన్న టేబుల్‌లో అవి 1 సెంటు, 2 సెంట్లు. మామూలుగా 100 పెద్ద బ్లైండ్లతో కూర్చుంటారు. అంటే 2 డాలర్లు. దాని పైది 2 సెంట్లు, 5 సెంట్లు. అక్కడ 5 డాలర్లతో కూర్చుంటారు.

ఈ టేబుల్స్‌లో ఎవరుంటారు? ఆఫీసు నుంచి వచ్చి సోఫాలో పడుకుని ఫోన్‌లో ఆడేవాళ్లు, టీవీ చూస్తూ ఆడేవాళ్లు, కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు. వీళ్లు వచ్చింది ఆడటానికి, ఫోల్డ్ చేసి కూర్చోవడానికి కాదు. చేతిలో ఏదో ఒక జత ఉంటే చాలు, "చూద్దాంలే, 20 సెంట్లే కదా" అనుకుని కాల్ కొడతారు. పోకర్ భాషలో ఇలాంటి ప్లేయర్‌కి కాలింగ్ స్టేషన్ అని పేరు. ఈ టేబుల్‌లో ఆరుగురు కూర్చుంటే అందులో ఇద్దరు ముగ్గురు ఇలాంటివాళ్లే ఉంటారని అనుకుని ఆడండి.

అందరికీ తెలిసిన బ్లఫ్, అందరూ తప్పుగా నేర్చుకున్న పాఠం

2003 వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్. క్రిస్ మనీమేకర్ అనే టెనెసీ అకౌంటెంట్, ఆన్‌లైన్‌లో 86 డాలర్ల క్వాలిఫైయర్ ఆడి అక్కడిదాకా వచ్చాడు. మొత్తం 839 మంది. చివరికి ఇద్దరే మిగిలారు, మనీమేకర్, ఎదురుగా శామ్ ఫర్హా అనే ప్రొఫెషనల్. ఆ గెలుపుతో మనీమేకర్‌కి 25 లక్షల డాలర్లు వచ్చాయి. మరుసటి ఏడాది అదే టోర్నమెంట్‌కి 2,576 మంది వచ్చారు. ఆన్‌లైన్ పోకర్ పిచ్చి ఊపందుకుంది అక్కడే.

వాళ్లిద్దరి మధ్య ఒక హ్యాండ్ ఉంది, యూట్యూబ్‌లో చాలామంది చూసే రకం. మనీమేకర్ చేతిలో ఇస్పేటు రాజు, ఆఠీను ఏడు. ఫర్హా చేతిలో ఇస్పేటు రాణి, ఆఠీను తొమ్మిది. మధ్యలో తొమ్మిది, రెండు, ఆరు పడ్డాయి. ఫర్హాకి తొమ్మిదుల జత, బోర్డు మీద అదే పెద్ద జత. టర్న్‌లో ఇస్పేటు ఎనిమిది. ఫర్హా బెట్ పెట్టాడు, మనీమేకర్ రెయిజ్ చేశాడు, ఫర్హా కాల్ చేశాడు. రివర్‌లో పనికిరాని మూడు. మనీమేకర్ చేతిలో ఏమీ లేదు, కనీసం జత కూడా లేదు. అయినా ఉన్న చిప్స్ అన్నీ తోసేశాడు. ఫర్హా చాలాసేపు ఆలోచించి తొమ్మిదుల జతని ఫోల్డ్ చేశాడు.

చూసిన ప్రతి కుర్రాడూ "అబ్బ, ధైర్యం ఉండాలిరా" అనుకున్నాడు. కానీ రెండు విషయాలు గమనించండి.

ఒకటి. టర్న్‌లో రెయిజ్ చేసినప్పుడు మనీమేకర్ చేతిలో ఉన్నది చెత్త కాదు. ఇంకో ఇస్పేటు వస్తే ఫ్లష్. ఐదు గానీ పది గానీ వస్తే స్ట్రెయిట్. అంటే ఫర్హా కాల్ చేసినా గెలిచే దారి ఉంది. దీన్ని సెమీ బ్లఫ్ అంటారు.

రెండోది ఇంకా ముఖ్యం. ఆ బ్లఫ్ పనిచేసింది ఎదురుగా ఉన్నది ఫర్హా కాబట్టి. "ఇతను ఇంత పెట్టాడంటే చేతిలో ఏముంటుంది?" అని ఆలోచించగలిగినవాడు, జతని పడేయగలిగినవాడు. అదే హ్యాండ్ 2 సెంట్ల టేబుల్ మీద ఆడండి. అవతలివాడు తొమ్మిదుల జత చూసుకుని రెండు సెకన్లలో కాల్ నొక్కుతాడు. మీరు ఏ కథ చెప్పారో వాడు వినడు. వినని మనిషికి కథ చెప్పి లాభం లేదు.

బ్లఫ్ లెక్క

ఇది కాగితం మీద రాసుకోండి, ఒక్క లైను. మీ బెట్‌ని, బెట్ ప్లస్ పాట్ మొత్తంతో భాగించండి. అన్నిసార్లు అవతలివాడు ఫోల్డ్ చేస్తేనే ఉత్తి బ్లఫ్‌కి గిట్టుబాటు.

పాట్‌లో 60 సెంట్లున్నాయి. మీరు 40 పెట్టారు. 40ని 100తో భాగిస్తే 40 శాతం. అంటే వందలో 40 సార్లు వాడు ఫోల్డ్ చేస్తే మీకు లాభమూ లేదు, నష్టమూ లేదు. పాట్‌లో సగం పెడితే 33 శాతం చాలు. పాట్ అంత పెడితే 50 శాతం కావాలి.

ఇప్పుడు మన కాలింగ్ స్టేషన్‌ని తీసుకుందాం. రివర్‌లో వాడు నాలుగుసార్లలో ఒక్కసారే ఫోల్డ్ చేస్తాడనుకుందాం. ఇలాంటి బ్లఫ్ 100 సార్లు చేస్తే 25 సార్లు 60 చొప్పున 1,500 సెంట్లు వస్తాయి. 75 సార్లు 40 చొప్పున 3,000 సెంట్లు పోతాయి. నికరంగా 15 డాలర్లు నష్టం. 2 డాలర్లతో కూర్చునే టేబుల్‌లో అది ఏడు స్టాక్‌ల కంటే ఎక్కువ. ధైర్యం తగ్గి పోగొట్టుకున్నది కాదు అది, లెక్క చూసుకోక పోగొట్టుకున్నది.

అదే ప్లేయర్ సగంసార్లు ఫోల్డ్ చేసే రకమైతే? 50 సార్లు 60 వస్తుంది, 50 సార్లు 40 పోతుంది. 10 డాలర్లు లాభం. బెట్ అదే, ముక్కలవే. మారింది ఎదురుగా ఉన్న మనిషి. అందుకే నేను బ్లఫ్ చేయాలా వద్దా అని చూసేటప్పుడు నా ముక్కల కంటే ముందు వాడి పేరు పక్కన నేను రాసుకున్న నోట్ చూస్తాను.

సెమీ బ్లఫ్ సంగతి

మరి మనీమేకర్ టర్న్‌లో చేసినట్టు, డ్రా ఉన్నప్పుడు కొట్టడం? ఇది కూడా లెక్కలోనే చూద్దాం.

టర్న్ పడింది. మీకు ఫ్లష్ డ్రా, ఇంకొక్క ఇస్పేటు కావాలి. కనబడని 46 ముక్కల్లో 9 ఇస్పేట్లున్నాయి. దాదాపు 20 శాతం. పాట్ 60. ఎదుటివాడు చెక్ చేశాడు. మీ ముందు రెండు దారులు. 40 కొట్టడం, లేదా చెక్ చేసి రివర్‌ని ఉచితంగా చూడటం.

ఉచితంగా చూస్తే ఐదుసార్లలో ఒకసారి 60 మీది. సగటున 12 సెంట్లు.

40 కొడితే? వాడు నాలుగింట ఒకసారే ఫోల్డ్ చేసే రకమైతే, ఆ ఫోల్డుల వల్ల సగటున 15 వస్తుంది. మిగతా మూడొంతుల్లో కాల్ చేస్తాడు, అక్కడ సగటున 12 పోతుంది, మూడొంతులకి 9. మొత్తం మీద 6 సెంట్లు లాభం. చూడండి, లాభమే. కానీ ఊరికే చెక్ చేస్తే 12 వచ్చేది. అంటే దూకుడుగా ఆడి సగం లాభం పోగొట్టుకున్నట్టు.

అదే సగంసార్లు ఫోల్డ్ చేసేవాడి మీద కొడితే సగటు లాభం 24. అక్కడ కొట్టాలి. ఈ లెక్కలో గీత ఎక్కడుందంటే, మూడింట ఒకసారి. అంతకంటే ఎక్కువ ఫోల్డ్ చేసేవాడైతే కొట్టండి, తక్కువైతే ఉచిత ముక్క తీసుకోండి. రివర్‌లో ఫ్లష్ తగిలాక వచ్చే బెట్లు నేను ఇందులో కలపలేదు, అది కలిపితే గీత కాస్త అటూ ఇటూ జరుగుతుంది. కానీ దిక్కు మారదు.

మరి దూకుడు ఎక్కడ? మంచి ముక్కల్లో!

ఇప్పుడు అసలు సంగతి. ఒకే హ్యాండ్‌ని రెండు రకాలుగా ఆడి చూపిస్తాను. 1 సెంటు, 2 సెంట్ల టేబుల్. మీరు బటన్ మీద ఉన్నారు, అంటే ఫ్లాప్ తర్వాత ప్రతిసారీ అందరికంటే చివర మీ వంతు. చేతిలో ఆసు, రాణి. మీకంటే ముందు ఇద్దరు రెయిజ్ చేయకుండా 2 సెంట్లు వేసి లోపలికొచ్చారు. దీన్ని లింప్ అంటారు.

మొదటి రకం, మెత్తగా. మీరు కూడా 2 వేసి చూస్తారు. చిన్న బ్లైండ్ ఫోల్డ్, పెద్ద బ్లైండ్ చెక్. పాట్ 9 సెంట్లు. ఫ్లాప్‌లో రాణి, ఎనిమిది, నాలుగు. మీకు రాణుల జత, తోడు ఆసు. 6 పెట్టారు, ఒకడు కాల్. పాట్ 21. టర్న్‌లో 14, కాల్. పాట్ 49. రివర్‌లో 24, కాల్. వాడి దగ్గర రాణి, తొమ్మిది. మీరు గెలిచారు. ఆ ఒక్కడి దగ్గర్నుంచి మీకొచ్చింది 2, 6, 14, 24. మొత్తం 46 సెంట్లు.

రెండో రకం, గట్టిగా. ఇద్దరు లింప్ చేసినవాళ్ల మీద 10 సెంట్లకి రెయిజ్. నా పద్ధతి ఏంటంటే, మామూలుగా మూడు పెద్ద బ్లైండ్లు, లింప్ చేసిన ప్రతి మనిషికీ ఇంకొకటి. బ్లైండ్లు రెండూ ఫోల్డ్, లింప్ చేసినవాళ్లిద్దరూ కాల్. పాట్ 33. అదే ఫ్లాప్. పాట్‌లో మూడింట రెండొంతులు, 22. ఒకడు కాల్. పాట్ 77. టర్న్‌లో 52, కాల్. పాట్ 181. రివర్‌లో సగం, 90, కాల్. వాడి దగ్గర అదే రాణి, తొమ్మిది. ఈసారి వాడి దగ్గర్నుంచి వచ్చింది 10, 22, 52, 90. మొత్తం 174 సెంట్లు.

ముక్కలు అవే, మనిషి వాడే, పాట్‌తో పోలిస్తే బెట్ల సైజు కూడా దాదాపు అదే. తేడా మొదట్లో పెట్టిన 8 సెంట్లు. చివర్లో అది 128 సెంట్ల తేడా అయింది. ప్రతి రౌండ్‌లో పాట్‌ని బట్టి బెట్ పెరుగుతుంది కాబట్టి, చక్రవడ్డీ లాగా మొదట్లో పెట్టిన చిన్న మొత్తం చివరికి ఎక్కడికో వెళ్తుంది. చిన్న స్టేక్స్‌లో అగ్రెసివ్ అంటే ఇదే. వాడు ఎలాగూ కాల్ చేస్తాడు, మనం గెలుస్తున్నప్పుడు ఆ కాల్‌కి ఖరీదు పెంచాలి.

ఇంకో కారణం కూడా ఉంది. ఆసుల జత ఒక్కడి మీద, వాడి చేతిలో ఏ ముక్కలున్నా సరే, చివరిదాకా వెళ్తే సుమారు 85 శాతం గెలుస్తుంది. అదే ఐదుగురు లోపలికొస్తే 49 శాతానికి పడిపోతుంది. రెయిజ్ చేస్తే కొందరు బయటికి పోతారు, మిగిలినవాళ్లు ఎక్కువ కడతారు. రెండూ మనకి మంచివే.

మూడోది, మన ఎదురుగా ఎవరుంటారన్నది. చేతిలో జత లేని రెండు ముక్కలకి ఫ్లాప్‌లో జత గానీ అంతకంటే మంచిది గానీ తగిలేది సుమారు మూడుసార్లలో ఒకసారే. అంటే ఒక్కడే ఎదురుగా ఉంటే, మూడింట రెండుసార్లు వాడికీ ఏమీ తగలదు. అందుకే ముందు రెయిజ్ చేసినవాడు ఫ్లాప్‌లో మళ్లీ ఓ చిన్న బెట్ పెట్టడం, కంటిన్యుయేషన్ బెట్, పనిచేస్తుంది. చిన్న టేబుల్‌లో నేను మనసారా చేసే బ్లఫ్ ఇదొక్కటే. కానీ ఒకే ఒక్కడు ఎదురుగా ఉన్నప్పుడే. ఒక్కొక్కడు సగంసార్లు ఫోల్డ్ చేస్తాడనుకున్నా, ఇద్దరుంటే ఇద్దరూ ఫోల్డ్ చేసేది నాలుగింట ఒకసారే. ముగ్గురుంటే ఎనిమిదింట ఒకసారి. అక్కడ చేతిలో ఏమీ లేకపోతే చెక్ చేసి ఊరుకోవాలి. కాల్ చేశాడా, టర్న్‌లో రెండోసారి కొట్టడానికి కారణం ఉండాలి. "మొదలుపెట్టా కదా" అనేది కారణం కాదు.

దూకుడు అంటే ఎక్కువ హ్యాండ్స్ ఆడటం కాదు

ఇక్కడే చాలామంది జారిపోతారు. అగ్రెసివ్ అనగానే ప్రతి హ్యాండ్‌లోనూ దూరతారు. కాదండీ. పోకర్‌లో రెండు వేర్వేరు విషయాలున్నాయి. ఎన్ని హ్యాండ్స్ ఆడుతున్నావు అనేది ఒకటి. ఆడినప్పుడు కాల్ చేస్తున్నావా, రెయిజ్ చేస్తున్నావా అనేది ఇంకొకటి. తక్కువ హ్యాండ్స్, ఎక్కువ రెయిజులు, దీన్ని టైట్ అగ్రెసివ్ అంటారు. చిన్న టేబుల్‌కి సరిపోయే స్టైల్ ఇదే.

ఆరుగురి టేబుల్‌లో నేను మొదట మాట్లాడాల్సిన సీటులో ఉంటే వందలో 15 హ్యాండ్స్ దగ్గరే ఆడతాను. బటన్ మీద, ముందువాళ్లంతా ఫోల్డ్ చేస్తే, 40 దాకా వెళ్తాను. ఎందుకంటే చివర మాట్లాడేవాడికి అందరి సమాచారం ముందే వస్తుంది. మొత్తం మీద చూస్తే నాలుగింట మూడు హ్యాండ్స్ చూసీ చూడగానే పడేస్తున్నట్టే. ఆ పడేయడం చూడ్డానికి బోరుగా ఉంటుంది. నిజం చెప్పాలంటే ఈ ఆటలో కష్టమైన భాగం కూడా అదే.

డాయిల్ బ్రన్సన్ పేరు వినే ఉంటారు. 1976లో, 1977లో వరుసగా మెయిన్ ఈవెంట్ గెలిచినవాడు. రెండుసార్లూ ఆఖరి హ్యాండ్‌లో ఆయన చేతిలో ఉన్నది పది, రెండు. ఆ హ్యాండ్‌కి ఇప్పటికీ ఆయన పేరే. దూకుడుగా ఆడమని పుస్తకం రాసిన మనిషి కూడా ఆయనే. దాన్ని చూసి పది రెండుతో రెయిజ్ చేసేవాళ్లని నేను వారానికోసారి చూస్తాను. టోర్నమెంట్ చివర్లో ఇద్దరే మిగిలినప్పటి ఆట వేరు, ఆరుగురి టేబుల్‌లో మొదటి సీటు వేరు. సందర్భం వదిలేసి ముక్కల్ని మాత్రమే కాపీ కొడితే ఆయన స్టైల్ రాదు.

మెత్తటివాడు కొడితే నమ్మండి

దూకుడు గురించి చెప్తూ ఫోల్డ్ గురించి చెప్పకపోతే సగమే చెప్పినట్టు. ఇంతసేపూ కాల్ మాత్రమే చేస్తున్న ప్లేయర్, రివర్‌లో అకస్మాత్తుగా మీ బెట్ మీద రెయిజ్ కొట్టాడు. మీ దగ్గర పెద్ద జత, మంచి తోడు. ఏం చేయాలి? చాలాసార్లు ఫోల్డ్. ఈ రకం ప్లేయర్ బ్లఫ్ చేయడానికి రాలేదు. వాడికి బెట్ పెట్టడమే ఇష్టం ఉండదు. అలాంటివాడు రెయిజ్ నొక్కాడంటే రెండు జతలో, మూడు ఒకే రకమో, అంతకంటే పెద్దదో ఉంది. "నన్ను బెదిరిస్తున్నాడా?" అని అహం మీదకి తీసుకోకండి. కాలింగ్ స్టేషన్ మీద మీరు కాలింగ్ స్టేషన్ అవ్వకండి.

రోజూ ఆడేవాళ్లలో ఒక ప్రశ్న ఉంటుంది: ప్రతి హ్యాండ్‌కీ ఆల్-ఇన్ కొట్టే పిచ్చోడు తగిలితే? వాడి మీద దూకుడుకి దూకుడు అక్కర్లేదు. మంచి ముక్కల కోసం ఆగండి, వాడే డబ్బు లోపలికి తెస్తాడు, మీరు కాల్ చేస్తే చాలు. ఆగలేని వాడికి ఆగగలిగినవాడే మందు.

అసలు ఇందులో ఎంత వస్తుంది?

ఇప్పుడు ఎవరూ థంబ్‌నెయిల్ మీద పెట్టని లెక్క చెప్తాను.

సైట్ ఊరికే టేబుల్ పెట్టదు. ప్రతి పాట్‌లో కొంత కోసుకుంటుంది, దాన్ని రేక్ అంటారు. చిన్న టేబుల్స్‌లో మామూలుగా 5 శాతం దగ్గర ఉంటుంది. ఇందాక మనం గెలిచిన 361 సెంట్ల పాట్‌లో సుమారు 18 సెంట్లు సైట్‌కి వెళ్లిపోతాయి. చాలా సైట్లలో ఫ్లాప్ దాకా రాని పాట్‌కి రేక్ ఉండదు, రెయిజ్ చేసి అక్కడికక్కడే గెలవడంలో అదొక చిన్న లాభం. కానీ మొత్తం మీద అర్థం ఏంటంటే, ఇద్దరు సమానంగా ఆడితే ఇద్దరూ ఓడిపోతారు. గెలిచేది సైటే.

సరే, మీరు రేక్ దాటి గెలిచేంత బాగా ఆడారనుకుందాం. వంద హ్యాండ్స్‌కి ఐదు పెద్ద బ్లైండ్లు, అది మంచి ప్లేయర్ స్థాయి. 2 సెంట్ల టేబుల్‌లో ఐదు బ్లైండ్లంటే 10 సెంట్లు. ఫోన్‌లో ఒక టేబుల్ మీద గంటకి 70 హ్యాండ్స్ అనుకోండి. గంటకి 7 సెంట్లు. అంతే. న్యూజెర్సీలో 7 సెంట్లకి ఏమీ రాదు. మన లెక్కలో చెప్పాలంటే ఓ అరకప్పు టీ కూడా రాదు.

అది కూడా ప్రతి గంటా వస్తుందని కాదు. ఆసుల జత రాజుల జత మీద సుమారు 82 శాతం గెలుస్తుంది. అంటే ఐదారుసార్లలో ఒకసారి ఓడిపోతుంది, మీరు అంతా సరిగ్గా చేసినా. మంచి ప్లేయర్ కూడా 10 వేల హ్యాండ్స్ తర్వాత నష్టంలో ఉండటం వింతేమీ కాదు. 10 వేల హ్యాండ్స్ అంటే గంటకి 70 చొప్పున 140 గంటల ఆట. అందుకే వారం రోజులు గెలిచి "నాకు వచ్చేసింది" అనుకోవడమూ అర్థం లేనిదే, వారం ఓడి "సైట్ మోసం" అనడమూ అర్థం లేనిదే.

నేను ఇక్కడ దీన్ని సంపాదన అని చూడను. నెలకి సినిమా టికెట్‌కి పెట్టినంత పెడతాను, సాయంత్రాలు బుర్రకి పని. అద్దె డబ్బు, ఫీజు డబ్బు, ఫ్రెండ్ దగ్గర తెచ్చిన డబ్బు ఈ టేబుల్ మీదకి రాకూడదు. ఎంఎస్‌కి వచ్చిన కుర్రాళ్లకి ఇది ప్రత్యేకంగా చెప్తున్నా. సెమిస్టర్ ఫీజుని డబుల్ చేసే ఆట కాదిది.

దూకుడుకి కసికి తేడా

చివరి పాయింట్. ఒక రకం దూకుడు లెక్క నుంచి వస్తుంది. ఇంకో రకం రక్తం మరిగి వస్తుంది. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, పెద్ద బెట్, రెయిజ్, ఆల్-ఇన్. లోపల మాత్రం పూర్తిగా వేరు. పెద్ద పాట్ అన్యాయంగా పోయింది, వెంటనే వచ్చిన హ్యాండ్‌లో పనికిరాని ముక్కలతో రెయిజ్ కొట్టారు. దాన్ని టిల్ట్ అంటారు. చాలామంది "నేను అగ్రెసివ్ ప్లేయర్‌ని" అని చెప్పుకునేది నిజానికి ఇదే.

తేడా పట్టుకోవడానికి నేను వాడే పరీక్ష చాలా చిన్నది. బెట్ నొక్కేముందు ఒక వాక్యం చెప్పగలగాలి. "నాకంటే చిన్న ముక్కలతో వీడు కాల్ చేస్తాడు" లేదా "నాకంటే పెద్ద ముక్కల్ని వీడు ఫోల్డ్ చేస్తాడు". ఈ రెండింట్లో ఒక్కటీ చెప్పలేకపోతే ఆ బెట్ పెట్టొద్దు. చిన్న టేబుల్‌లో మొదటి వాక్యం రోజంతా చెప్పుకోవచ్చు, రెండోది ఎప్పుడో ఒకసారి. రెండు స్టాక్‌లు పోతే ఆ రోజుకి యాప్ మూసేస్తాను. అది ముందే పెట్టుకున్న రూల్, ఆ క్షణంలో తీసుకునే నిర్ణయం కాదు. మీ ఇంట్లో ఎవరికైనా, ఫ్రెండ్‌కైనా యాప్ మూయడమే చేతకావట్లేదంటే అది స్టైల్ సమస్య కాదు. స్ట్రాటజీ వీడియోలు పంపకండి, పక్కన కూర్చుని మాట్లాడండి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

డబ్బు లేకుండా ఉత్తి చిప్స్‌తో ఆడేవాళ్లకి ఈ వారం ఒక పని. వంద హ్యాండ్స్ ఆడండి. రివర్‌లో ఒక్క బ్లఫ్ కూడా చేయకండి. మంచి ముక్కలు వచ్చినప్పుడు మాత్రం మూడు రౌండ్లూ గట్టిగా కొట్టండి. ఎంతమంది కాల్ చేశారో, చివర్లో వాళ్లు ఏ ముక్కలు చూపించారో రాసుకోండి. ఉత్తి చిప్స్ టేబుల్‌లో జనం ఇంకా తక్కువ ఫోల్డ్ చేస్తారు కాబట్టి మీకు ఈ పాఠం ఇంకా తొందరగా కనిపిస్తుంది.

వచ్చే ఎపిసోడ్‌లో పొజిషన్ గురించి, బటన్ సీటు ఎందుకు అంత విలువైనదో హ్యాండ్స్ తీసుకుని వివరంగా చూద్దాం.